సముద్రపు బాతుల కోసం చలికాలపు ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత సంచికలో అమీన్‌పూర్ చెరువుకు వచ్చే చలికాలపు బాతుల గురించి రాసిన తరువాత వచ్చిన ఉత్తరాల్లో కొన్ని చెరువు గట్టు దాటి ఏకంగా సముద్రం దాకా వెళ్ళాయి. సముద్రపు బాతులను చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి అన్నదే వాటన్నిటి సారాంశం. అందువల్ల ఈ సంచికలో ఆ ఉత్తరాలకే చోటిచ్చాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉంటారు. ఈ డిసెంబరు నుంచి మార్చి వరకు నేను, మా ఆవిడ అక్కడే ఉంటాము. క్రిందటిసారి వెళ్ళినప్పుడు నాలుగు నెలలూ కిటికీలోంచి మంచును చూస్తూ గడిపాను. ఈసారి అలా కాకుండా, ఏళ్ళ తరబడి బొమ్మల్లో మాత్రమే చూసిన హార్లెక్విన్ బాతును కళ్ళారా చూడాలని ఉంది. నాకు 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి ఉంది. ఎక్కడికి, ఎప్పుడు వెళ్ళాలో, ఏమేమి తీసుకువెళ్ళాలో వివరంగా తెలుపగలరు. (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కూకట్‌పల్లి)

సమాధానం: హార్లెక్విన్ బాతును చూడగోరేవారికి తూర్పు అమెరికా తీరంలో అన్నిటికంటె నమ్మకమైన చోట్లలో ఒకటి మీ అమ్మాయి ఇంటికి కారులో సుమారు గంటన్నర దూరంలో ఉండడం మీ అదృష్టం. లాంగ్ బీచ్ ఐలండ్ అనే సన్నటి పొడవాటి దీవికి ఉత్తరపు కొసన బార్నెగాట్ లైట్‌హౌస్ ఉంది. 1859 నుంచి వెలిగిన ఆ దీపస్తంభం చుట్టూ ఉన్న స్థలాన్ని ఇప్పుడు స్టేట్ పార్కుగా నిర్వహిస్తున్నారు. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణంగా వెళ్ళి, 63వ ఎగ్జిట్ దగ్గర దిగి, 72వ నంబరు రోడ్డు పట్టుకుంటే వంతెన దాటి దీవిలోకి చేరుకుంటారు. అక్కడ ఎడమకు తిరిగి రోడ్డు చివరిదాకా వెళ్ళడమే.

దీపస్తంభం పక్కనుంచి సముద్రంలోకి పెద్ద పెద్ద బండరాళ్ళతో కట్టిన అడ్డుకట్ట ఒకటి ఉంది. దానిని అక్కడివారు జెట్టీ అంటారు. హార్లెక్విన్ వేసవిలో కొండవాగుల్లో, నురగలు కక్కుతూ దూకే నీటిలో గూడు కట్టుకునే పక్షి. చలికాలంలో సముద్రానికి దిగివచ్చినా ఆ అలవాటు దానిని వదలదు కనుక, ప్రశాంతమైన నీరు కాక అలలు రాళ్ళకు కొట్టుకునే చోటునే వెతుక్కుంటుంది. నాచు పట్టిన రాళ్ళ సందుల్లో నత్తలనూ చిన్న పీతలనూ ఏరుకు తినడం దాని పని. ఇసుక తీరమే ఎక్కువగా ఉన్న న్యూజెర్సీలో మనుషులు పేర్చిన ఈ రాళ్ళగుట్ట ఆ బాతుకు ఎందుకు నచ్చిందో దీనినిబట్టి అర్థమవుతుంది. మగపక్షి ఒళ్ళంతా నీలి పలక రంగు, పక్కలు ఇటుక రంగు, ముఖం మీదా మెడ మీదా ఎవరో సున్నంతో గీసినట్లు తెల్లని పట్టీలు ఉంటాయి. ఆడది గోధుమ వన్నెలో ఉండి, తల మీద తెల్లని చుక్కలతో కనబడుతుంది. గుంపులో ఒకటి నీళ్ళలో మునిగితే తక్కినవీ వెంటవెంటనే మునుగుతాయి కాబట్టి, ఖాళీ నీళ్ళను చూసి లేవనుకొని వెనుదిరగవద్దు. ఒక నిమిషం ఆగి చూడండి.

ఇక మీ మోకాళ్ళ సంగతి. ఆ రాళ్ళ మీద నడవవద్దని గట్టిగా చెబుతున్నాను. తడి, నాచు, కొన్ని ఉదయాల్లో పలుచని మంచు పొర, రాళ్ళ మధ్య కాలు దిగబడేంత సందులు ఉంటాయి. కెమెరా పట్టుకొని వాటి మీద గంతులు వేసేవారిని చూసి ఉత్సాహపడకండి. దీపస్తంభం దగ్గర నీటి పక్కగా రెయిలింగుతో కాంక్రీటు నడక దారి ఉంది. మొదట అక్కడ ఒక అరగంట నిలబడండి. పాయలో ఈడర్ బాతులు, పొడుగుతోక బాతులు, ఎర్రరొమ్ము మెర్గాన్సర్లు, వాటితోపాటు బాతులు కాని లూన్ పక్షులు తరచుగా అక్కడి నుంచే కనబడతాయి. హార్లెక్విన్లు ఎక్కువగా జెట్టీ చివరి భాగంలో ఉంటాయి కనుక, వాటి కోసం జెట్టీకి దక్షిణంగా ఉన్న ఇసుక మీదుగా ఒక కిలోమీటరు దాకా మెల్లగా నడవవలసి వస్తుంది. ఇసుకలో ఆ దూరం మీకు కష్టమనిపిస్తే మధ్యలో కూర్చోవడానికి మడత స్టూలు ఒకటి వెంట ఉంచుకోండి. ఈ నడకలో ఒక సౌకర్యం ఉంది: మీరు ఉత్తరంగా ఉన్న జెట్టీవైపు చూస్తూ ఉంటారు, సూర్యుడు దక్షిణాన మీ వీపు వెనుక ఉంటాడు. ఆ వెలుతురులో ఆ నీలం, ఆ ఇటుక రంగు స్పష్టంగా తెలుస్తాయి. ఉదయంపూట తూర్పున ఉన్న కడలివైపు చూస్తే మాత్రం అన్ని బాతులూ నల్లగానే కనబడతాయి.

నవంబరు చివరి నుంచి మార్చి దాకా ఈ బాతులు అక్కడ ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు ఉత్తమం. అయితే నెలకంటె రోజును ఎంచుకోవడం ముఖ్యం. పడమటి గాలి నెమ్మదిగా వీచే రోజున ఒడ్డు దగ్గర నీరు అణిగి ఉండి, దూరాన తేలే గుంపులు కూడా కంటికి ఆనతాయి. తూర్పు గాలి తోలే రోజున అలల మధ్య పక్షి కనబడేది ఒక్క క్షణం, మరుగయ్యేది పది క్షణాలు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు సెలవు దొరికిందన్న ఒక్క కారణంతో అటువంటి తూర్పు గాలి రోజునే వెళ్ళి, మూడు గంటలు నిలబడి, కళ్ళద్దాల మీద ఉప్పు పేరుకోవడం తప్ప ఏమీ చూడకుండా తిరిగివచ్చాను. మీకు నాలుగు నెలల సమయం ఉంది. కాబట్టి తేదీని ముందుగా ఖాయం చేయకుండా, వాతావరణ సూచనలో గాలి దిక్కు చూసి ముందు రోజు రాత్రి నిర్ణయించుకోండి. శని, ఆదివారాలు తప్ప మీ పిల్లలకు తీరిక ఉండదేమో కాని, ఒక వారం కాకపోతే మరొక వారం కలిసివస్తుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుందని గుర్తుంచుకొని, ఉదయం తొమ్మిదికల్లా అక్కడ ఉండేలా బయలుదేరండి.

చలికి ఒకే లావుపాటి కోటు కంటె మూడు నాలుగు పలుచని పొరలు మేలు. లోపల థర్మల్స్, వాటి మీద ఉన్ని స్వెట్టరు, అన్నిటిపైనా గాలి చొరని జాకెట్ వేసుకోండి. మన ఇంట్లో నవ్వులపాలయ్యే మంకీ క్యాప్ అక్కడ ఎంత విలువైనదో అర్థమవుతుంది. బైనాక్యులర్ తిప్పడానికి వీలుగా వేళ్ళ కొసలు బయటికి తీయగల చేతి తొడుగులు కొనుక్కోండి. ఆ దీవి వేసవి విడిది కావడంవల్ల చలికాలంలో చాలా హోటళ్ళు, దుకాణాలు మూసి ఉంటాయి. కనుక ఫ్లాస్కు నిండా కాఫీ, డబ్బాలో పులిహోర ఇంటి నుంచే తీసుకువెళ్ళడం మంచిది. అక్కడక్కడా తుపాకుల చప్పుడు వినబడితే కంగారుపడవద్దు. ఆ రాష్ట్రంలో బాతుల వేటకు చలికాలంలో చట్టప్రకారం అనుమతి ఉంది.

నడవలేని రోజున, లేదా మీ ఆవిడగారికి ఆ గాలి వద్దనిపించిన రోజున, మరొక ఏర్పాటు ఉంది. అట్లాంటిక్ సిటీకి దగ్గరలో ఎడ్విన్ బి. ఫోర్సైత్ జాతీయ వన్యప్రాణి ఆశ్రయం ఉంది. అందులో ఉప్పుచిత్తడి నేలల మధ్యగా 8 మైళ్ళ మట్టిరోడ్డు మీద కారు దిగకుండానే పక్షులను చూడవచ్చు. అక్కడ బఫెల్‌హెడ్ అనే చిట్టి బాతు, తల మీద విసనకర్రలాంటి జుట్టు విప్పే హుడెడ్ మెర్గాన్సర్, వీటితోపాటు తెల్లని స్నో బాతుల గుంపులు చలికాలంలో కనువిందు చేస్తాయి. ఈ చిట్టి బాతూ మెర్గాన్సరూ సముద్రపు బాతుల తెగకు చెందినవే. హార్లెక్విన్ దొరకకపోయినా ఆ తెగను చూడలేదన్న లోటు ఉండదు.

రెండు చోట్లనూ ఒకే రోజులో చుట్టివద్దామని మీ అల్లుడుగారు ఉత్సాహపడవచ్చు. ఒప్పుకోకండి. ఒకే జెట్టీ దగ్గర రెండు వేర్వేరు ఉదయాలు గడిపితే కనిపించేవి, ఒక్క రోజున నాలుగు తీరాలు తిరిగితే కనిపించవు.

ప్రశ్న: మాది బందరు. డిగ్రీ కోసం హైదరాబాదులో ఉంటున్నాను. సంక్రాంతి సెలవుల్లో మంగినపూడి బీచ్‌లో దూరంగా నీటి మీద నల్లని బాతుల పెద్ద గుంపు తేలుతూ కనబడింది. ఇవి స్కోటర్ బాతులేనా? మన తీరానికి సముద్రపు బాతులు రావా? (విద్యార్థిని, వనస్థలిపురం)

సమాధానం: మీరు చూసినవి స్కోటర్లు కావని దాదాపు నిస్సందేహంగా చెప్పవచ్చు. ఎదురెండలో ఏ బాతయినా నల్లగానే ఉంటుంది. మన తీరానికి చలికాలంలో వచ్చే సూదితోక బాతులు పగలు విశాలమైన నీటి మీద గుంపులుగా విశ్రమించి, చీకటిపడ్డాక చెరువుల్లోకి, వరిచేలలోకి మేతకు వెళుతుంటాయి. మీకు కనబడినవి బహుశా అవే. అవి సముద్రం మీద ఉన్నంతమాత్రాన సముద్రపు బాతులు కావు. పగటివేళ ఎవరూ కదిలించని పడక కోసం అక్కడికి వచ్చినవి, అంతే.

సముద్రపు బాతులు అని పక్షి శాస్త్రజ్ఞులు పిలిచేది ఈడర్లు, స్కోటర్లు, హార్లెక్విన్, పొడుగుతోక బాతు, గోల్డెన్ఐ, మెర్గాన్సర్ మొదలైనవి ఉన్న ఒక ప్రత్యేకమైన తెగను. వీటిలో చాలావరకు ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న టండ్రాలోనో, ఉత్తరపు అడవుల్లోని సరస్సుల దగ్గరనో పిల్లలను చేసి, నీరు గడ్డకట్టగానే గడ్డకట్టని సముద్రం ఎంత దగ్గరగా ఉంటే అక్కడికి మాత్రమే కదులుతాయి. చల్లని సముద్రపు అడుగున గుల్లచేపలు పుష్కలంగా దొరుకుతాయి. ఈడరూ స్కోటరూ వాటిని గుల్లతో సహా మింగి, గిజర్డు అనే బలమైన కండర సంచితో కడుపులో నలిపి అరిగించుకుంటాయి. పొడుగుతోక బాతు మేత కోసం 60 మీటర్ల లోతుకు కూడా మునగగలదు. కళ్ళ పైభాగాన ఉన్న గ్రంథుల ద్వారా ఒంట్లో చేరిన అదనపు ఉప్పును ఇవి ముక్కు గుండా బయటికి పంపుతాయి. ఇంతగా చల్లని కడలికి అలవాటుపడిన పక్షులకు అట్లాంటిక్, పసిఫిక్ తీరాలు అందుబాటులో ఉండగా, మధ్య ఆసియా ఎడారులనూ హిమాలయాలనూ దాటి వెచ్చని బంగాళాఖాతానికి రావలసిన అవసరం ఏముంటుంది? సూదితోక బాతు కథ వేరు. దానికి కావలసినది లోతు తక్కువ నీటిలో దొరికే గింజలు, దుంపలు; అవి కొల్లేటిలోనూ పులికాట్‌లోనూ ఉన్నాయి కనుకనే ఆ కొండలను దాటి వస్తుంది.

అయినా మీరు నిరాశపడనవసరం లేదు. ఈ తెగలో ఒక సభ్యుడు మన దేశానికి ఏటా వస్తాడు. గూసాండర్ అనే పెద్ద మెర్గాన్సర్ చలికాలంలో హిమాలయాల నుంచి దిగే నదుల మీద, ముఖ్యంగా హరిద్వార్, ఋషికేశ్ పరిసరాల్లో గంగ మీద, ఉత్తర బెంగాల్లో తీస్తా మీద కనబడుతుంది. ముక్కు అంచున రంపపు పళ్ళవంటి అమరికతో జారిపోయే చేపను పట్టి ఉంచుకోవడం దాని ప్రత్యేకత. జనవరిలో మీ ఇంట్లో పెద్దవాళ్ళు హరిద్వార్ యాత్రకు వెళుతుంటే మీరూ వెంట వెళ్ళి, వారు ఘాట్ దగ్గర ఉన్నంతసేపు, జనసమ్మర్దం లేని ఎగువ తీరాన నది మలుపుల్లో వెతకండి. గోల్డెన్ఐ, స్మ్యూ, పొడుగుతోక బాతు వంటివి మన ఉత్తర ప్రాంతాల్లో చాలా అరుదుగా, ఎన్నో ఏళ్ళకొకసారి కనబడుతుంటాయి. వాటిని ఎవరైనా చూశారని వార్త వస్తే వెళ్ళాలి తప్ప, వాటి కోసమే ముందుగా రైలు టికెట్టు కొనుక్కోవడం తగదు.

ప్రశ్న: ఈ బాతులకు తెలుగు పేర్లు లేవా? మీరు అన్నిటినీ ఆంగ్ల పేర్లతోనే రాస్తున్నారు. (ఉపాధ్యాయుడు, సికింద్రాబాదు)

సమాధానం: మన పూర్వులు చూడని పక్షులకు వారు పేర్లు పెట్టలేదు. కొల్లేటి ప్రాంతంలో అడవి బాతులను పరజలు అనేవారు. ఆ మాటను హార్లెక్విన్‌కు అంటించడం అటు పరజకూ ఇటు హార్లెక్విన్‌కూ అన్యాయమే. తోకను బట్టి పొడుగుతోక బాతు అనడంలో ఇబ్బంది లేదు కనుక అలాగే రాస్తున్నాను. తక్కినవాటికి కొత్త పేర్లు కల్పిస్తే ప్రయాణంలో గైడును అడిగినప్పుడు పాఠకులకే చిక్కు వస్తుంది.

ప్రశ్న: మేమిద్దరం సాఫ్ట్‌వేరు ఉద్యోగులం. ఏడాదికి ఒకే పెద్ద ప్రయాణం చేస్తాము. స్టెల్లర్స్ ఈడర్‌ను చూడాలని మా వారి కోరిక. నార్వేలోని వారంగర్‌కు వెళ్ళాలా, జపాన్‌లోని హొక్కైడోకు వెళ్ళాలా అని తేల్చుకోలేకపోతున్నాము. పది రోజులకు మించి సెలవు దొరకదు. (పాఠకురాలు, గచ్చిబౌలి)

సమాధానం: ఆ ఒక్క బాతే లక్ష్యమైతే వారంగర్‌కు వెళ్ళండి. హొక్కైడోలో స్టెల్లర్స్ ఈడర్ కనబడడం అరుదు. కనబడకపోతే మీ వారి ముఖం పది రోజులూ మీరే చూడవలసి ఉంటుంది.

విటస్ బేరింగ్ అనే నావికుడి నాయకత్వంలో 1741లో అలాస్కా తీరానికి సాగిన యాత్రలో పాల్గొన్న జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు గెయోర్గ్ స్టెల్లర్ పేరు మీద ఈ చిన్న ఈడర్‌కు ఆ పేరు వచ్చింది. మగపక్షికి తెల్లని తల, చందనపు వన్నె పొట్ట, రొమ్ము పక్కన ఒక నల్లని చుక్క ఉంటాయి. ప్రపంచవ్యాప్తంగా దీని సంఖ్య తగ్గడంవల్ల ప్రమాదపు అంచున ఉన్న జాతుల్లో చేర్చారు. వారంగర్ ద్వీపకల్పం నార్వేకు ఈశాన్యపు కొసన, ధ్రువవృత్తానికి బాగా ఉత్తరాన ఉంది. అయినా గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని సముద్ర ప్రవాహపు వేడి అందడంవల్ల అక్కడి సముద్రం చలికాలంలో గడ్డకట్టదు. చుట్టుపక్కల అంతా మంచు ఉండగా నీరు మాత్రం తెరిచి ఉండడమే ఇన్ని బాతులు అక్కడ చేరడానికి కారణం.

మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు ఉన్న సమయాన్ని ఎంచుకోండి. డిసెంబరు, జనవరి మొదటి భాగంలో అక్కడ సూర్యుడు ఉదయించడు. మార్చి మూడవ వారానికి పగలు పన్నెండు గంటలకు చేరుతుంది, బాతులూ ఇంకా వెళ్ళిపోవు. ఓస్లో మీదుగా కిర్కెనెస్‌కు విమానంలో వెళ్ళి, మంచు టైర్లున్న కారు అద్దెకు తీసుకోవాలి. వాద్సో ఊరి దగ్గరి తీరంలో రెండు రోజులు, సముద్రం కింది సొరంగం గుండా చేరుకునే వార్దో దీవిలో రెండు రోజులు ఉంటే స్టెల్లర్స్ ఈడర్‌కు తగినంత అవకాశం ఇచ్చినట్లే. మూడవ మజిలీగా బోత్స్‌ఫ్యోర్డ్ రేవును పెట్టుకోండి. అక్కడ నీటి మీద తేలే చాటుగది ఒకటి ఉంది. అందులో కూర్చుంటే నారింజ రంగు కొమ్మువంటి ముక్కున్న కింగ్ ఈడర్ నీటిమట్టానికే కనబడుతుంది. ఆ ఊరికి వెళ్ళే కొండదారిని మంచు తుపాను వచ్చినప్పుడు మూసివేస్తారు, లేదా వాహనాలను వరుసగా మంచు తోసే బండి వెనుక పంపుతారు. కాబట్టి తిరుగు విమానానికి కనీసం రెండు రోజుల ముందే అక్కడి నుంచి బయటపడేలా ఏర్పాటు చేసుకోండి. షెంగెన్ వీసా అపాయింట్‌మెంటుకు మన నగరంలో ఎంత రద్దీ ఉంటుందో మీకు తెలియనిది కాదు. సంక్రాంతికి ముందే ఆ పని మొదలుపెట్టాలి.

ఆ బాతు విషయంలో పట్టుదల లేకపోతే మాత్రం నా ఓటు హొక్కైడోకే. ఫిబ్రవరిలో నెమురో ద్వీపకల్పంలోని చేపల రేవుల్లో హార్లెక్విన్లు, స్కోటర్లు, పొడుగుతోక బాతులు గోడకు దగ్గరగా ఈదుతుంటాయి, స్కోప్ (ట్రైపాడ్ మీద నిలిపి చూసే దూరదర్శిని) అవసరం కూడా అంతగా ఉండదు. కుషిరో దగ్గర మంచులో నాట్యమాడే ఎర్రతల కొంగలు, రౌసు తీరాన మంచుగడ్డల మీద వాలే స్టెల్లర్ సముద్రపు గద్దలు కూడా అదే ప్రయాణంలో దొరుకుతాయి. మొదటిసారి చలి సముద్రానికి వెళ్ళేవారికి వారంగర్ కంటె ఇది సులభం.

ప్రశ్న: సముద్రపు బాతుల కోసం స్కోప్ కొనవలసిందేనా? బైనాక్యులర్ చాలదా? (పాఠకుడు, మారేడ్‌పల్లి)

సమాధానం: జెట్టీల దగ్గర, రేవుల్లో 8x42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపేది, ముందు కటకం 42 మిల్లీమీటర్లు) చాలు. 10x42 అయితే మరికొంత దూరం వస్తుంది కాని, గాలికి చేయి వణికినప్పుడు ఆ లాభం పోతుంది. తెరపి తీరంలో అర కిలోమీటరు అవతల తేలే స్కోటర్ల రెక్క మీద తెల్లని మచ్చ ఉందా లేదా తేల్చుకోవాలంటే మాత్రం స్కోప్ తప్పదు. స్కోప్ కంటె ముందు గట్టి ట్రైపాడ్ కొనండి. తేలికపాటి ట్రైపాడ్ మీద ఖరీదైన స్కోప్ పెట్టి సముద్రపు గాలిలో నిలబడినవారికి కనబడేది అదిరే నీరే.

ఏది కొన్నా ప్రయాణానికి నెల ముందు నుంచి ఇక్కడే అలవాటు చేసుకోండి. డిసెంబరులో ఒక ఉదయం ఉస్మాన్‌సాగర్‌కో, మంజీరా జలాశయానికో వెళ్ళి, మునిగే బాతు ఒక దానిని ఎంచుకోండి. ఎర్రతల పోచర్డ్ అయితే మంచిది. అది మునిగిన క్షణం నుంచి సెకన్లు లెక్కపెడుతూ, మళ్ళీ ఎంత దూరంలో, ఏ దిక్కున తేలుతుందో ఊహించి స్కోప్‌ను అక్కడికి తిప్పి ఉంచడం సాధన చేయండి. పదిసార్లలో ఆరుసార్లు అది మీ స్కోప్‌లోనే పైకి తేలేదాకా సాధన మానవద్దు.